పురుళ్ళ పుస్తకం

గురువారం పొద్దున ఎనిమిదిన్నరకి ఫ్రీజర్ తలుపు తీశాను. పుస్తకం లేదు. ఎనిమిది ముప్ఫై రెండుకి మూసి మళ్ళీ తీశాను. అప్పుడూ లేదు. లేదని తేలిన చోటే మళ్ళీ వెతకడం లైబ్రరీ వాళ్ళకున్న జబ్బు. మాది వైద్య గ్రంథాలయమే అయినా ఆ జబ్బుకి మా దగ్గర మందు లేదు.

తొమ్మిదికల్లా వెర్నెల్ టిల్‌మన్ వచ్చేసింది. ఆవిడ ఇరవై తొమ్మిదేళ్ళు కౌంటీ ఆరోగ్య శాఖలో పనిచేసింది. క్షయ తగిలినవాడి మంచం పక్కన కూర్చుని ఎవరితో తిన్నావు, ఎవరి పక్కన పడుకున్నావు, ఎంతసేపు అని అడిగి, ఆ మనుషులందర్నీ వెతికి పట్టుకునే పని. రిటైరయ్యాక మా యూనివర్సిటీ ఆవిణ్ణి వారానికి రెండు రోజులు పెట్టుకుంది. పోయిన పుస్తకాన్ని కూడా అంటురోగాన్ని వెతికినట్టే వెతుకుతుంది. మేం డిటెక్టివ్ అని పిలుస్తాం. ఆ మాటకి ముక్కు చిట్లిస్తుంది గానీ వద్దని మాత్రం అనదు.

"ఏడవడం అయ్యాక చెప్పు హోలిస్," అంది కుర్చీ లాక్కుని.

"నేనేం ఏడవట్లేదు."

"మొహం చూస్తే అలా లేదులే. మొదట్నుంచీ చెప్పు. గంటలూ నిమిషాలూ కావాలి నాకు."

చెప్పాను. ప్రతి నెలా రెండో మంగళవారం మా వైద్య చరిత్ర విభాగం తలుపులు ఊరందరికీ తెరుస్తాం. జనం వచ్చి రక్తపోటు చూపించుకుంటారు, తింటారు, అటకల మీది పాత సామాను తెచ్చి చూపిస్తారు. నాటు మందుల సీసాలు, దంతాలు పీకే పట్టకార్లు, నర్సు టోపీలు. ఈసారి ఐడెల్లా మేబ్రీ తన అమ్మమ్మ పురుళ్ళ పుస్తకం తెచ్చింది. అమ్మమ్మంటే టెంపీ రడ్. ఈ కౌంటీలో నల్లవాళ్ళ ఇళ్ళన్నిట్లో ఇరవై అయిదేళ్ళు పురుళ్ళు పోసిన మంత్రసాని. ఊరంతా టెంపీ పెద్దమ్మ అనేవారు. అట్ట మీద 1938 నుంచి 1945 దాకా అని రాసి ఉంది. అది చూడగానే నేను కుర్చీలోంచి లేచిపోయాను. ఎందుకంటే సరిగ్గా ఆ పుస్తకం కోసమే లువీనియా బ్యాట్స్ రెండేళ్ళుగా మా గుమ్మం తొక్కుతోంది.

లువీనియాకి డెబ్భై ఎనిమిదేళ్ళు. 1941లో టెంపీ పెద్దమ్మ చేతుల్లో పడిందని ఊళ్ళో అందరికీ తెలుసు. ప్రభుత్వానికి మాత్రం తెలియదు. ఆవిడ పుట్టినట్టు ఎక్కడా చిన్న కాగితం ముక్క లేదు. కాగితం లేకపోతే పాస్‌పోర్టు రాదు. పాస్‌పోర్టు లేకపోతే తమ్ముడు ఏమస్‌ని చూడ్డానికి వెళ్ళడం కుదరదు. సైన్యంలో చేరి యుద్ధానికి పొమ్మంటే పోనని 1968లో కెనడాకి దాటిపోయినవాడు టొరాంటోలోనే ఉండిపోయాడు. ఇప్పుడు వారానికి మూడు రోజులు డయాలిసిస్. అతను కదల్లేడు, ఈవిడకి సరిహద్దు దాటే వీల్లేదు. జడ్జి గిలియార్డ్ అర్జీని రెండుసార్లు వాయిదా వేశాడు. మూడోసారి, అంటే ఈ రోజు మధ్యాహ్నం రెండింటికి, అసలు పుస్తకం కళ్ళ ముందు పెడితే సరే, లేదంటే కొట్టేస్తానన్నాడు.

"పుస్తకం చేతికొచ్చింది కదా. ఆ పేజీ ఫొటో తీశావా?" అంది వెర్నెల్.

నేను తల దించుకున్నాను. "పురుగు కనపడింది."

"ఏంటీ?"

"పుస్తకం వెన్నులో పురుగు పిల్లలు. బతికున్నవి. పురుగు కనపడితే ఇంక తెరవకూడదు. వెంటనే కాగితంలో చుట్టి, సంచిలో పెట్టి, గాలి తీసి, ఫ్రీజర్లో పెట్టాలి. లేకపోతే మిగతా పుస్తకాలకి పాకుతుంది. అది నియమం."

వెర్నెల్ కుర్చీ నా వైపు జరిపింది. "డెబ్భై ఎనిమిదేళ్ళ తర్వాత దొరికిన పుస్తకాన్ని, ఒక్క పేజీ తిప్పకుండా, చేపని దాచినట్టు ఫ్రీజర్లో పెట్టావా!"

"నియమం," అన్నాను మళ్ళీ. ఆ మాట ఆ పొద్దున నా చెవికే రుచించలేదు.

మిగతాది ఇదీ. మంగళవారం మూడు నలభైకి ఐడెల్లాకి రసీదు రాస్తూ ఉంటే, ఆవిడ పుస్తకాన్ని ఆఖరిసారి చూసుకుంటానని పేజీలు తిప్పింది. అప్పుడే నాకు పురుగు కనపడింది. మూడు యాభై అయిదుకి నేను దాన్ని తెల్ల కాగితంలో చుట్టి, పైన పెన్సిల్‌తో 'గురువారం దాకా విప్పకూడదు, చల్లగా ఉంచాలి' అని రాశాను. నాలుగూ అయిదుకి మా కాపలాదారు క్లీవన్ పర్డీకిచ్చి నేలమాళిగలోని పుస్తకాల ఫ్రీజర్లో పెట్టమన్నాను. అది ఎవరో డాక్టరు ఇచ్చిన బూజు పుస్తకాలతో నిండి ఉంది. ఫోన్ చేశాడు. అయితే వంటగది ఫ్రీజర్లో పై అరలో పెట్టమన్నాను. నాలుగూ ఇరవైకి పెట్టాడు. ఆ వంటగది బుధవారాలు మంచాన పడ్డవాళ్ళకి భోజనం పంపే కార్యక్రమానిది. దాన్ని నడిపేది కూడా ఐడెల్లానే.

"అంతా అయ్యాక అందరికీ చెప్పావా? పుస్తకం దొరికిందని, గురువారం కోర్టుకి పోతోందని?"

"మైకులో చెప్పాను. చప్పట్లు కొట్టారు."

"నోట్లో నువ్వుగింజ నానదు నీకు," అంటూ లేచింది.

చదువుకునే గదిలోకి వెళ్ళేసరికి అక్కడ రభస మొదలైపోయింది. యూనివర్సిటీ పోలీసు లెఫ్టినెంట్ గారెట్ స్నీడ్ పర్డీని కుర్చీలో కూలేసి, ఎదురుగా బల్ల అంచు మీద కూర్చున్నాడు. స్నీడ్ బట్టలెప్పుడూ ఇప్పుడే ఇస్త్రీ చేసినట్టుంటాయి. ఆలోచనలు కూడా అంతే, ఎక్కడా మడత పడవు. వెర్నెల్ పని అతనికి అక్కర్లేని జోక్యం. అతని పని ఆవిడకి తొందరపాటు. ఇద్దరికీ ఉప్పూ నిప్పూ.

ఓ మూల లువీనియా కూర్చుని ఉంది. కోర్టుకని ఊదారంగు టోపీ, తెల్ల చేతి తొడుగులు వేసుకుని ఎనిమిదింటికే వచ్చేసింది. ఒళ్ళో చిన్న డబ్బా. అందులో చిలగడదుంపల హల్వా లాంటిదేదో జడ్జికని తెచ్చిందట. లంచం కాదు, మర్యాద అని మాకు ముందే చెప్పేసింది.

"మీరు శ్రమపడక్కర్లేదు మిస్ వెర్నెల్," అన్నాడు స్నీడ్. "కేసు తేలిపోయింది. వంటగది తాళంచెవి సంతకాల పుస్తకం చూశాను. మంగళవారం సాయంత్రం తర్వాత, భోజనాల వ్యాను కంటే ముందు, ఒక్కసారే తీశారు. బుధవారం పొద్దున ఏడూ పదికి. సంతకం ఈయనది. ఎందుకు తీశావంటే నోరు విప్పడు. ఇదిగో, జేబులో ఇది దొరికింది." ఒక కార్డు పైకెత్తాడు. పాత వైద్య వస్తువులు కొనే వ్యాపారి కార్డు.

"హోలిస్, నీ జేబులో ఏముంది?" అంది వెర్నెల్ నా వైపు తిరక్కుండానే.

తడుముకున్నాను. అదే కార్డు. మంగళవారం ఆ వ్యాపారి గుమ్మంలో నిలబడి వచ్చిన ప్రతివాళ్ళ చేతిలోనూ ఒకటి పెట్టాడు.

"నాకూ ఇచ్చాడమ్మా," అంది లువీనియా మూలనుంచి. "నా పళ్ళ సెట్టు కొంటావా అని అడిగా. ఆలోచించి చెప్తానన్నాడు."

స్నీడ్ చెవులు ఎర్రబడ్డాయి. "కార్డు సంగతి వదిలెయ్యండి. ఏడూ పది సంగతేంటి?"

వెర్నెల్ పర్డీ పక్కన కుర్చీ వేసుకుంది. ఎదురుగా కాదు, పక్కన. "క్లీవన్, కాళ్ళ నొప్పులు తగ్గాయా?"

"పర్లేదమ్మా."

"ముప్ఫై ఒక్క ఏళ్ళుగా తలుపులు తీస్తున్నావు. ఏడూ పదికి ఎవరికోసం తీశావు?"

పర్డీ తన బూట్ల వైపు చూసుకున్నాడు. "నేనే తీశానమ్మా. నన్నే పంపించెయ్యమనండి."

"నీ గురించి కాదు నేనడిగింది."

"నన్నే పంపించెయ్యమనండి," అన్నాడు మళ్ళీ.

"చూశారుగా!" అని లేచాడు స్నీడ్. "ఒప్పుకున్నాడు."

"ఒప్పుకోలేదు. అడ్డం నిలబడ్డాడు," అంది వెర్నెల్. "గారెట్, నేను వెయ్యి మందిని అడిగాను, నీకీ జబ్బు ఎవరివల్ల వచ్చిందని. తన తప్పు దాచేవాడు కథలు చెప్తాడు. మావగారంటాడు, బస్సంటాడు, పిన్నిగారి పెళ్ళంటాడు. ఇంకొకరి తప్పు దాచేవాడు నోరు మూసుకుంటాడు. ఈయన కథేమైనా చెప్పాడా నీకు?"

"కథలు వినడానికి నాకు టైం లేదు. పన్నెండింటికి ఈయన్ని స్టేషన్‌కి తీసుకెళ్తున్నా."

"పన్నెండు దాకా టైం నాదే కదా అయితే. పద హోలిస్."

మెట్లు దిగుతూ ఉండగా నాకు మెరుపులా తట్టింది. ఆనందం పట్టలేక ఆవిడ భుజం పట్టుకున్నాను. "వెర్నెల్! భోజనాలు! ఐడెల్లా వండి ఫ్రీజర్లో పెట్టే చికెన్ అన్నం ట్రేలు కూడా తెల్ల కాగితంలోనే చుడతారు. నా పొట్లం కూడా తెల్లదే. ఎవరో చూసుకోక వ్యానులో వేసేసి ఉంటారు. ఏ ముసలాయనో ఇవాళ పొద్దున పురుళ్ళ పుస్తకాన్ని పొయ్యిలో వేడి చేస్తూ..." ఆ మాట పూర్తి చెయ్యలేకపోయాను.

"మంచి ఆలోచనే," అంది వెర్నెల్. నన్నలా మెచ్చుకోవడం అదే మొదటిసారి. "ఫోన్ తీసుకో. ముప్ఫై రెండు ఇళ్ళు. నిన్న భోజనం అందిందా, విప్పి చూశారా, తిన్నారా. అంతే అడుగు."

ముప్ఫై రెండు ఇళ్ళకి ఇద్దరం ఫోన్లు చేశాం. గంటన్నర పట్టింది. ముసలివాళ్ళకి ఫోన్ చేస్తే ఒక్క ప్రశ్నతో వదలరు. ఒకావిడ ఉప్పు తక్కువైందంది. ఇంకొకాయన తన పిల్లికి పెళ్ళి సంబంధం చూడమన్నాడు. తల ప్రాణం తోకకొచ్చింది. కానీ అందరికీ అందింది, అందరూ తిన్నారు. ముప్ఫై రెండు ఇళ్ళు, ముప్ఫై రెండు ట్రేలు.

"ఐడెల్లా వండింది ఎన్ని?" అడిగింది వెర్నెల్.

"ముప్ఫై రెండే. లెక్కకి ఒక్కటి ఎక్కువ వండదు ఆవిడ. గోడ మీద రాసి పెడుతుంది."

"అంటే భోజనం బదులు పుస్తకం వెళ్ళి ఉంటే, నిన్న ఎవరో ఒకరు పస్తుండాలి. ఎవరూ పస్తు లేరు. పుస్తకం పొరపాటున వెళ్ళలేదు నాయనా. ఎవరో అది పుస్తకమని తెలిసే తీసుకెళ్ళారు."

నా ఆనందం నీరుగారిపోయింది.

వంటగది ఖాళీగా ఉంది. వెర్నెల్ ఫ్రీజర్ తెరిచి చేతులు వెనక్కి కట్టుకుని చూసింది. పై అరలో మంచు పలచగా పేరుకుంది. మధ్యలో ఒక చోట మాత్రం మంచు లేదు. నలుపలకలుగా, నా పొట్లం అంత మేర. పక్కనున్న బఠానీల సంచి మీద మంచు చెక్కు చెదరలేదు.

"ఇదేంటి?" అంది. తలుపు లోపల తగిలించిన అగ్గిపెట్టెంత తెల్ల డబ్బా.

"చలి ఎంతుందో నిమిషనిమిషానికీ రాసుకుంటుంది. పుస్తకం పెడుతున్నారు కదా అని క్లీవన్ చేత పెట్టించాను. తలుపు తీస్తే చలి తగ్గుతుంది కాబట్టి..." నా మాట నాకే వినిపించి ఆగిపోయాను.

వెర్నెల్ నవ్వింది. "నీ చాదస్తం ఈ ప్రపంచానికి ఒక్కసారైనా పనికొస్తుందని నాకు తెలుసు. చదువు."

డబ్బాని కంప్యూటర్‌కి తగిలించాను. మంగళవారం నాలుగూ ఇరవై, పర్డీ పెట్టినప్పుడు. తర్వాత రాత్రంతా ఒకే గీత. బుధవారం ఏడూ పద్నాలుగుకి తలుపు తెరుచుకుంది. అర నిమిషం. మళ్ళీ తొమ్మిదిన్నర నుంచి తొమ్మిది యాభై దాకా, వ్యాను నింపేటప్పుడు. ఆ తర్వాత ఇవాళ మేం తీసినవే. అంతే.

"అర నిమిషం," అంది వెర్నెల్. "వెతుక్కునేవాళ్ళకి అర నిమిషం చాలదు. ఏ అరలో ఉందో తెలుసు. ఏ అరో తెలిసింది ఎవరికి? నీకు, క్లీవన్‌కి. ఇంకా?"

"క్లీవన్ పెట్టేటప్పుడు ఇక్కడ..." సింకు వైపు చూశాను. "ఐడెల్లా గిన్నెలు కడుగుతోంది."

"క్లీవన్ భార్య పోయినప్పుడు అతనికి నాలుగు నెలలు భోజనం పంపిందెవరు?"

ఐడెల్లానే. ఊరందరికీ తెలుసు.

పన్నెండూ పదికి ఐడెల్లా వచ్చింది. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, నిటారుగా నడుస్తుంది. వంటగదిలో ఎవరు నిలబడ్డా అడ్డం తప్పుకోమంటుంది. ఆ రోజు తప్పుకోమనలేదు. వెర్నెల్ ఏమీ అడక్కుండానే ఏప్రన్ కట్టుకోబోయి ఆగింది.

"క్లీవన్‌ని స్టేషన్‌కి తీసుకెళ్తున్నారట," అంది వెర్నెల్.

"ఎవరు? ఆ ఇస్త్రీ పెట్టెనా?"

"నీకోసం నోరు మూసుకున్నాడు ఐడెల్లా. ఉద్యోగం పోయినా విప్పేలా లేడు."

ఐడెల్లా స్టూలు మీద కూర్చుంది. "ఇక్కడ పెనం మర్చిపోయాను, తాళం తియ్యమన్నా. పాపం అతనికేం తెలీదు. తర్వాత తెలిసుంటుంది." ఏప్రన్ అంచు వేళ్ళకి చుట్టుకుంది. "కాల్చెయ్యాలనుకున్నా. చేతులు రాలేదు. మా అమ్మమ్మ రాత అది. విప్పకూడదు, చల్లగా ఉంచాలి అని నువ్వు రాశావుగా హోలిస్. మంచు పెట్టెలో పెట్టి కారులో పెట్టా. పొద్దున్నుంచీ కారు అవతలి పార్కింగులో ఉంది, నాలుగుసార్లు దాని దాకా వెళ్ళొచ్చా."

"ఎందుకు తీశావు?" అన్నాను. కోపం రావాలి గానీ రాలేదు. మంచు పెట్టె మాట విన్నాక అసలు రాలేదు.

"నువ్వు రసీదు రాస్తుంటే పేజీలు తిప్పాను చూడు. అప్పుడు కనపడింది. అందులో రాసుంటుందని నాకు తెలీదు. తెలిస్తే తెచ్చేదాన్నా? మా పెద్దమ్మ కాలీ, మా అమ్మకి అక్క, చచ్చిపోయే ముందు నా చెయ్యి పట్టుకుని ఒట్టు పెట్టించుకుంది. ఎవ్వరికీ చెప్పకు, ఆ పిల్లకి అసలే చెప్పకు అంది."

"ఏ పిల్లకి?" అంది గుమ్మంలోంచి ఒక గొంతు.

లువీనియా. టోపీ సర్దుకుంటూ నిలబడి ఉంది. వెనకాల స్నీడ్, అతని వెనక పర్డీ. పన్నెండు దాటింది, పర్డీని తీసుకుపోతున్నానని చెప్పడానికి వచ్చాడట.

మనుషుల రహస్యాలు తవ్వడమే పనిగా బతికిన వెర్నెల్, ఆ క్షణంలో నేలవైపు చూసింది.

"ఆ పుస్తకం పట్రా ఐడెల్లా," అంది లువీనియా మెత్తగా. "అది నా పేజీ కదా."

పుస్తకం వచ్చేసరికి ఒంటి గంటకి పది నిమిషాలు తక్కువ. మంచు పెట్టెలోంచి తీసి బల్ల మీద పెట్టింది. నా తెల్ల కాగితం చెక్కు చెదరలేదు.

"ఇప్పుడే విప్పకూడదు," అన్నాను. "చల్లగా ఉన్నప్పుడు విప్పితే చెమ్మ పడుతుంది. కనీసం ఒక రోజు..."

"హోలిస్!" అని అందరూ ఒక్కసారే అరిచారు. స్నీడ్ కూడా.

పాతికేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి నియమం తప్పాను. కాగితం విప్పి, 1941 మార్చి తీశాను. గుండ్రటి పెన్సిల్ రాత. నా కళ్ళు చెమర్చి చదవలేకపోతుంటే వెర్నెల్ అందుకుని పైకి చదివింది.

"మార్చి తొమ్మిది. తెల్లవారుజాము. నా కూతురు కాలీ, పదిహేడేళ్ళు. ఆడపిల్ల. గట్టిగా ఏడ్చింది. హ్యాటీ బ్యాట్స్ చేతుల్లో పెట్టాను. కౌంటీకి కాగితం పంపలేదు. తప్పు నాదే."

ఇన్నేళ్ళూ ఊరంతా కౌంటీ ఆఫీసుని తిట్టింది. కాగితం పారేసుకున్నారంది, నల్లపిల్ల కదా అని రాసుకోలేదంది. ఇరవై అయిదేళ్ళలో ప్రతి బిడ్డ కాగితాన్నీ తప్పకుండా పంపిన టెంపీ పెద్దమ్మ, ఒక్క బిడ్డది మాత్రం తనే ఆపేసింది. పెళ్ళికాని తన కూతురి పేరు ఆఫీసు కాగితం మీదకెక్కకూడదని.

లువీనియా తొడుగులు తీసి, వేలితో ఆ వరసని మెల్లగా తడిమింది. పుస్తకాన్ని ముట్టుకోవద్దని నేను అనలేదు.

"కాలీ," అంది. "మిస్ కాలీ. చర్చి పాటల్లో ముప్ఫై ఏళ్ళు నా పక్కనే నిలబడింది. నాకు జలుబు చేస్తే నా వంతు కూడా ఆవిడే పాడేది. నీ గొంతు మా ఇంటి గొంతులా ఉందే అని ఓసారి అంది. నేను మురిసిపోయా, పొగిడిందని." కళ్ళు తుడుచుకుంది. అప్పుడొక నవ్వు వచ్చింది ఆవిడకి, ఏడుపు మధ్యలోంచి. "చూశావా ఐడెల్లా, నన్ను రెండిళ్ళ వాళ్ళు పెంచారు. ఒకళ్ళు అన్నం పెట్టారు, ఇంకొకళ్ళు పాట నేర్పారు. నాకు తక్కువేమైంది?"

"మరి ఏమస్?" అంది ఐడెల్లా. "అతను నీ రక్తం కాదు కదా ఇంక."

"వాడికి ముక్కు తుడిచింది నేను. లాగు వేసింది నేను. వాడు సరిహద్దు దాటిన రోజున మా అమ్మకి చెప్పి ఏడ్చింది నేను. రక్తం సంగతి డాక్టర్లు చూసుకుంటారులే. నాకు వాణ్ణి చూడాలి."

ఒంటిగంటా అయిదు. వెర్నెల్ గడియారం చూసింది. మళ్ళీ పేజీ చూసింది. అప్పుడు మొహం మారింది. ఆ మొహం నాకు తెలుసు, దారి మూసుకుపోయినప్పటి మొహం.

"అర్జీలో తల్లి పేరు హ్యాటీ బ్యాట్స్ అని ఉంది. పుస్తకంలో కాలీ రడ్. పేర్లు కలవకపోతే గిలియార్డ్ ఒప్పుకోడు. ఆ తల్లి కుటుంబం మనిషి ఎవరైనా వచ్చి, ఎదురుగా నిలబడి ప్రమాణం చెయ్యాలి. ఆ బిడ్డే ఈ మనిషని."

"రడ్‌లెవరున్నారు ఇంకా?" అన్నాను.

"ఎవరూ లేరు," అంది వెర్నెల్. ఐడెల్లా వైపు తిరిగింది. "సాక్ష్యం చెప్పడానికి టెంపీ రక్తంలో మిగిలింది నువ్వొక్కదానివే."

"కుదరదు," అన్నాడు స్నీడ్ ముందుకొచ్చి. "ఈవిడ యూనివర్సిటీ ఆస్తి దొంగిలించింది. మీ అందరి ముందే ఒప్పుకుంది. ముందు స్టేషన్‌కి, తర్వాతే ఇంకేదైనా."

"ఆస్తా?" అంది వెర్నెల్. "హోలిస్, రసీదు మీద ఆవిడ సంతకం పెట్టిందా?"

పురుగు కనపడ్డ కంగారులో రసీదు సగంలో వదిలేశాను. అది నా సొరుగులోనే ఉంది, సంతకం లేకుండా. "లేదు," అన్నాను. సిగ్గుతో అన్నానో సంతోషంతో అన్నానో ఇప్పటికీ తెలీదు.

"అయితే ఎవరి పుస్తకం వాళ్ళే తీసుకెళ్ళారు. దొంగతనం ఏదయ్యా గారెట్?"

పర్డీ మొదటిసారి తలెత్తాడు.

కానీ అసలు అడ్డం స్నీడ్ కాదు. అందరం ఐడెల్లానే చూస్తున్నాం. ఆవిడ ఏప్రన్ విప్పి, మడత పెట్టి, మళ్ళీ విప్పింది.

"ఒట్టు పెట్టాను," అంది. "చచ్చిపోయేవాళ్ళ చెయ్యి పట్టుకుని పెట్టాను లువీనియా. అది కోర్టులో, అందరి ముందు, మా పెద్దమ్మ పేరు..."

లువీనియా ఆవిడ ఎదురుగా వెళ్ళి నిలబడింది. "ఆవిడ ఒట్టు పెట్టించుకుంది సిగ్గుపడి. ఆవిడ ఇప్పుడు సిగ్గుపడే చోట లేదే. నేను మాత్రం ఇంకా ఇక్కడే ఉన్నా, కాగితం లేకుండా. నీ ఇష్టం. నువ్వు రానన్నా నీ మీద కోపం తెచ్చుకోను. వచ్చే బుధవారం వచ్చి ట్రేలు చుడతా ఎప్పట్లాగే."

గోడ గడియారం ఒంటిగంటా పద్దెనిమిది చూపిస్తోంది. కోర్టుకి ఎలా వెళ్ళినా పావుగంట పైనే. చివరికి ఐడెల్లా ఏప్రన్ మేకుకి తగిలించింది.

"నా టోపీ కారులో ఉంది," అంది. "కోర్టుకి టోపీ లేకుండా రాను."

ఐడెల్లా కారు స్టార్టవలేదు. పొద్దున్నుంచీ నాలుగుసార్లు డిక్కీ తీసి, దీపం వెలుగుతుండగా వదిలేసిందట. నాది సర్వీసుకిచ్చాను. వెర్నెల్ బస్సులో వస్తుంది. ఒంటిగంటా ఇరవై ఎనిమిదికి అందరం మెట్ల మీద నిలబడి ఒకరి మొహాలొకరు చూసుకుంటుంటే స్నీడ్ కారు మా ముందు ఆగింది. వెనక తలుపు తీశాడు. ఎవరి వైపూ చూడలేదు.

"ఎక్కండి. పర్డీ, నువ్వు కూడా."

"నన్ను ఇంకా పట్టుకున్నట్టేనా సార్?" అన్నాడు పర్డీ.

"ముందు సీట్లో కూర్చోమంటున్నా," అన్నాడు స్నీడ్.

వెనక సీట్లో నలుగురం ఇరుక్కున్నాం. ఒళ్ళో పుస్తకం పట్టుకుని, చెమ్మ తగలకుండా నా కోటులో చుట్టాను. పక్కన లువీనియా జడ్జికి తెచ్చిన డబ్బా ఒరగకుండా పట్టుకుంది. ఐడెల్లా కిటికీలోంచి బయటికే చూస్తోంది. పెదాలు కదులుతున్నాయి. ప్రార్థనో, పెద్దమ్మతో మాటలో తెలీదు.

కోర్టు గుమ్మం దగ్గరికి చేరేసరికి ఒకటీ యాభై మూడు. కిటికీ వెనక గుమాస్తా పిల్ల కాగితాలు తిప్పుతూ అడిగింది.

"అర్జీదారు?"

"లువీనియా బ్యాట్స్."

"సాక్షి?"

"ఐడెల్లా మేబ్రీ," అంది వెర్నెల్.

"సాక్షికి అర్జీదారు ఏమవుతారు?"

వెర్నెల్ పక్కకి జరిగింది. అది ఆవిడ చెప్పాల్సింది కాదు. ఐడెల్లా టోపీ సరిచేసుకుంది. గొంతు మాత్రం, వరండాలో బెంచీల మీది జనమంతా తిరిగి చూసేంత గట్టిగా వచ్చింది.

"మా అక్క," అంది.

గుమాస్తా తలెత్తకుండా రాసుకుంది.